గ్రూపులోకి కొత్తగా వచ్చినవాళ్లకు పోస్ట్ పెట్టే పర్మిషన్ ఎప్పుడివ్వాలి? వాట్సాప్, టెలిగ్రామ్ సెట్టింగ్స్ పూర్తి వివరంగా

నకిరేకల్‌లో నాకు ఫోన్ల పిచ్చి ఉందని తెలిసినవాళ్లంతా నన్ను అడిగేవి రెండే డౌట్లు. మొదటిది, 15 వేలలో ఏ ఫోన్ తీసుకోవాలి. రెండోది, "అన్నా, మా గ్రూపులో రోజుకో లింకు పడుతోంది, ఎవడు పెడుతుండో ఎవర్ని తీసెయ్యాలో సమజ్ అయితలేదు." మొదటి డౌటు మీద ఇంటర్నెట్ నిండా వీడియోలున్నాయి. రెండోదాని మీద తెలుగులో సరైన సమాచారం తక్కువ. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, గ్రూపులో కొత్త మెంబర్ల పర్మిషన్ల గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

నేను చూసుకునే గ్రూపులు రెండు. ఒకటి టెలిగ్రామ్‌లో పాత ఫోన్లు కొనుడు, అమ్ముడు గ్రూపు. రెండోది మా పెద్దనాన్న వాళ్ల నిమ్మ రైతుల వాట్సాప్ గ్రూపు. మా దగ్గరి నిమ్మ మార్కెట్ సంగతి నల్లగొండ జిల్లాలో అందరికీ తెలిసిందే. పొద్దున తోటలో కాయ తెంపిన రైతు బస్తాలు కట్టి బండెక్కించే ముందు ఫోన్ తీసి గ్రూపు చూస్తడు. ఒకరోజు లింకు పట్టుకుని చేరిన కొత్త నంబర్ ఒకటి, చేరిన పది నిమిషాలకే "రేపు మార్కెట్ బంద్" అని పెట్టింది. బంద్ లేదు, ఏం లేదు. కానీ తెంపిన నిమ్మకాయ ఆగదు కదా, రెండు రోజులుంటే పచ్చదనం పోయి రేటు పడిపోతది. ఆ సాయంత్రం పెద్దనాన్నకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. "గిది పెట్టినోడు ఎవడు రా?" అంటే ఎవరికీ తెలియదు. ప్రొఫైల్ ఫొటో లేదు, పేరు స్థానంలో ఒక చుక్క.

అప్పటినుంచి ఆ గ్రూపు సెట్టింగ్స్ నా చేతికి వచ్చాయి.

వాట్సాప్‌లో ఉన్నవి రెండే గేర్లు

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోండి. వాట్సాప్‌లో "ఈ ఒక్క కొత్త మెంబర్ మాత్రం మూడు రోజులు మెసేజ్ పెట్టొద్దు" అనే ఆప్షన్ లేదు. అందరూ పెట్టొచ్చు, లేదా అడ్మిన్లు మాత్రమే పెట్టొచ్చు. మధ్యలో ఇంకో మెట్టు లేదు. చాలామంది అడ్మిన్లు ఇక్కడే ఇరుక్కుంటున్నారు. ఒక్కడు లింకు పెడితే కోపమొచ్చి గ్రూపు మొత్తానికి తాళం వేస్తరు. వారం తర్వాత చూస్తే అందులో గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఏముండవు, అవి కూడా అడ్మిన్‌వే.

ఆ తాళం ఎప్పటిదంటే, "అడ్మిన్లు మాత్రమే" అన్న సెట్టింగ్ 2018 జూన్ చివర్లో వచ్చింది. అది వచ్చిన టైమ్ గుర్తుపెట్టుకోవాలి. ఆ ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా ఫార్వర్డ్‌లు తిరిగాయి, మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో కూడా. జులైలో మన సరిహద్దుకు దగ్గర్లోనే, కర్ణాటక బీదర్ జిల్లా ముర్కి అనే ఊళ్లో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ను ఆ పుకారు నమ్మి కొట్టి చంపేశారు. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్నది అక్కడ అనుమానానికి మొదలు. అరెస్టయినవాళ్లలో ఒక వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అదే నెలలో వాట్సాప్ ఇండియాలో ఒక మెసేజ్‌ను ఒకేసారి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఈ లిమిట్ మిగతా ప్రపంచానికి 2019 జనవరిలో వెళ్లింది.

కానీ ఆ ఏడాది సెట్టింగ్‌లతో సంబంధం లేకుండా పనిచేసిన పద్ధతి ఒకటి మన దగ్గరే ఉంది. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి (తర్వాత మన నల్లగొండకు కూడా ఎస్పీగా వచ్చారు) ఊళ్లకు పోలీసులను పంపితే, ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకుని లోపల పడుకుంటున్నారని తెలిసింది. కారణం ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు. ఆమె ఊళ్లలో డప్పు కొట్టించి, పాటలు పాడించి చెప్పించారు. దాంతోపాటు పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో మెంబర్లుగా చేరారు. ఏదైనా అనుమానంగా పడితే అక్కడికక్కడే "ఇది అబద్ధం" అని చెప్పే మనిషి గ్రూపులో ఉండాలన్నది ఐడియా. నా దృష్టిలో పర్మిషన్ల చర్చ అంతా ఈ పాయింట్ దగ్గర మొదలవ్వాలి. నోరు మూయించడం ఒక పద్ధతి. తప్పు మాట పడిన ఐదు నిమిషాల్లో జవాబు చెప్పే మనిషిని పెట్టుకోవడం ఇంకో పద్ధతి. రెండోది కష్టం, కానీ గ్రూపు బతికుంటది.

సరే, సెట్టింగ్స్‌కు వద్దాం. గ్రూపు పేరు మీద ట్యాప్ చేసి కిందికి వెళితే "గ్రూప్ పర్మిషన్స్" కనపడతది. అందులో మెంబర్లు ఏం చేయొచ్చు అనే భాగంలో గ్రూపు వివరాలు మార్చడం, మెసేజ్‌లు పంపడం, కొత్తవాళ్లను యాడ్ చేయడం ఉంటాయి. మెసేజ్‌లు పంపడం ఆన్‌లోనే ఉంచండి. కొత్తవాళ్లను యాడ్ చేయడం ఆఫ్ చేయండి. వివరాలు మార్చడం కూడా ఆఫ్, లేకపోతే ఎవడో ఒకడు రాత్రి 12కి గ్రూపు పేరు మార్చి నవ్వుకుంటడు. దాని కింద "కొత్త మెంబర్లను ఆమోదించడం" అని ఉంటది, దాన్ని ఆన్ చేయండి. ఇది 2023లో వచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే లింకు నొక్కినవాడు నేరుగా లోపలికి రాడు, అడ్మిన్ దగ్గర రిక్వెస్ట్‌గా ఆగుతాడు.

మరి రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఏం చూడాలి? ప్రొఫైల్ ఫొటో చూసి నిర్ణయించకండి, దొంగకు ఫొటో పెట్టుకోవడం రెండు సెకన్ల పని. మా నిమ్మ గ్రూపులో పెట్టుకున్న రూల్ ఒకటే: రిక్వెస్ట్ పెట్టినోడు ఏ ఊరు, గ్రూపులో ఉన్న ఎవరికి తెలుసు. ఆ ఒక్క పేరు చెప్పగలిగితే చాలు. చెప్పిన మనిషికి ఒక మెసేజ్ పెడతా, "ఫలానా ఆయన మీ ఊరేనా కాకా?" అని. "మావోడే, చేర్చు" అంటే అయిపోయింది. మన ఊళ్లలో అద్దెకు ఇల్లు ఇచ్చేటప్పుడు కూడా ఇదే అడుగుతరు కదా. ఇది ఏ యాప్‌లోనూ లేని వెరిఫికేషన్, మన దగ్గర ఫ్రీగా ఉంది.

పెద్ద గ్రూపు అయితే ఇది సాగదు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు. అంతమందికి ఒక్క అడ్మిన్ ఫోన్లు చేస్తూ కూర్చోలేడు. అప్పుడు 2022 చివర్లో వచ్చిన కమ్యూనిటీ ఫీచర్ వాడండి. కమ్యూనిటీలో అనౌన్స్‌మెంట్ గ్రూపు ఒకటి దానంతట అదే వస్తది, అందులో అడ్మిన్లే రాస్తారు, మెంబర్లకు ఒకరి నంబర్ ఒకరికి కనపడదు. కొత్తవాళ్లను ముందు అక్కడ ఉంచండి. రేట్లు, వార్తలు అన్నీ వాళ్లకూ అందుతాయి, చదువుకుంటారు. మాట్లాడుకునే గ్రూపు వేరేగా ఉంటది, దాంట్లోకి రిక్వెస్ట్ పెడితే అప్పుడు చూసి చేర్చండి. వాట్సాప్ ఇవ్వని మధ్య గేరును మనమే ఇలా తయారు చేసుకున్నట్టు.

నంబర్లు కనపడటం గురించి ఒక్క మాట. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతివాడికీ మిగతా అందరి నంబర్లు కనపడతాయి. ఒక్క మెసేజ్ కూడా పెట్టకుండా నంబర్లన్నీ ఎత్తుకుని వెళ్లిపోయేవాడు లింకులు పెట్టేవాడి కంటే డేంజర్. మెసేజ్ పర్మిషన్ ఆపితే వాడు ఆగడు, గేటు దగ్గర ఆపితేనే ఆగుతాడు. అమ్మాయిలున్న కాలేజీ గ్రూపుల అడ్మిన్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

టెలిగ్రామ్‌లో మాత్రం పండగే

టెలిగ్రామ్‌లో వాట్సాప్‌కు లేనివన్నీ ఉన్నాయి. గ్రూపు ఎడిట్‌లోకి వెళ్లి "పర్మిషన్స్" తెరిస్తే టెక్స్ట్ వేరు, ఫొటోలు వేరు, ఫైళ్లు వేరు, స్టిక్కర్లు వేరు, లింకు ప్రివ్యూలు వేరు, పోల్స్ వేరు. ఒక్కోదానికి ఒక్కో స్విచ్. మా పాత ఫోన్ల గ్రూపులో ఫైళ్లు అందరికీ ఆఫ్. ఫోన్ అమ్మేవాడికి ఫొటో చాలు, ఫైలుతో పనేంటి? ఈ ఒక్క స్విచ్‌తో సగం తలనొప్పి పోయింది.

ఒక్క మెంబర్‌నే కట్టడి చేయాలంటే మెంబర్ల లిస్టులో ఆ పేరు మీద నొక్కిపట్టి "రిస్ట్రిక్ట్" ఎంచుకోండి. ఏమేం చేయొచ్చు, ఏమేం చేయొద్దు, ఎన్ని రోజులు అన్నీ అడుగుతది. వారం అని పెడితే వారం తర్వాత దానంతట అదే తొలగిపోతది, మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. "స్లో మోడ్" ఇంకో మంచి ఆయుధం. 2019లో వచ్చింది. ఒక మెసేజ్ పెట్టాక మళ్లీ పెట్టాలంటే 30 సెకన్లు ఆగాలా, ఒక నిమిషమా, గంటా అన్నది మీ ఇష్టం. కొత్త ఐఫోన్ లాంచ్ రోజు రాత్రి మా గ్రూపులో దీన్ని ఆన్ చేయకపోతే స్క్రోల్ చేయలేం.

చేరే రిక్వెస్ట్‌లను ఆమోదించే పద్ధతి ఇక్కడ 2021 నుంచే ఉంది. పైగా ఒక్కో లింకుకు ఒక్కో రూలు పెట్టొచ్చు: ఈ లింకు పది మందికే, ఈ లింకు రేపటిదాకే, ఈ లింకుతో వస్తే ఆమోదం కావాలి అని. పోస్టర్ మీద పెట్టే లింకు వేరు, దోస్తులకు పంపే లింకు వేరు పెట్టుకోండి. స్పామ్ ఏ లింకు నుంచి వస్తోందో తెలిసిపోతది, దాన్ని ఒక్కదాన్ని రద్దు చేస్తే సరి.

తర్వాత బాట్లు. రోజ్, కాంబాట్ లాంటివి కొత్తగా వచ్చినవాడి నోరు కట్టేసి ఒక బటన్ చూపిస్తాయి. నొక్కితే మనిషి అనుకుని వదిలేస్తాయి. స్పామ్ పంపే బాట్లు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. కానీ బాట్‌కు అడ్మిన్ హక్కులు ఇచ్చేటప్పుడు అన్నీ టిక్ చేయకండి. మెసేజ్‌లు తీసేయడం, మెంబర్లను బ్యాన్ చేయడం, ఈ రెండు చాలు. కొత్త అడ్మిన్లను పెట్టే హక్కు బాట్‌కు ఎందుకిస్తాం? తెలియని బాట్‌కు ఇస్తే ఇంటి తాళం దారినపోయేవాడి చేతిలో పెట్టినట్టే.

ఇంతకీ ఎన్ని రోజులు ఆపాలి?

దీనికి ఒక్క జవాబు లేదు. పెద్ద పెద్ద సైట్లు ఏం చేస్తున్నాయో చూస్తే మాత్రం మన మెదడు కాస్త పనిచేస్తది.

ఇంగ్లిష్ వికీపీడియాలో కొన్ని పేజీలను ముట్టుకోవాలంటే అకౌంట్ తెరిచి 4 రోజులు, చేసిన మార్పులు 10 ఉండాలి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్తవాడు ప్రశ్న అడగొచ్చు, జవాబు రాయొచ్చు, కానీ వేరేవాళ్ల పోస్టుల కింద కామెంట్ పెట్టాలంటే 50 పాయింట్లు కావాలి. చాలా చర్చా వేదికలు వాడే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌ది ఇంకో పద్ధతి, నాకు బాగా నచ్చింది అదే. అందులో కొత్తవాడు మొదటి మెట్టు ఎక్కాలంటే రాయక్కర్లేదు, చదవాలి. మామూలు సెట్టింగ్‌లో 5 చర్చలు తెరవాలి, 30 పోస్టులు చదవాలి, 10 నిమిషాలు గడపాలి. అప్పటిదాకా ఒక పోస్టులో 2 లింకులకు మించి పెట్టలేడు. కానీ రాయకుండా ఆపరు, మొదటి రోజు నుంచే ప్రశ్న అడగొచ్చు.

గమనించారా? ఈ మూడింటిలో ఏదీ కొత్తవాడి నోరు పూర్తిగా మూయదు. ఎక్కువ నష్టం చేసే పనిని మాత్రమే ఆపి, మిగతాది వదిలేస్తుంది. మనం కూడా "కొత్తవాడు మాట్లాడొచ్చా" అని కాకుండా "మా గ్రూపులో ఏ పని చేస్తే ఎవరికి దెబ్బ తగులుతది" అని అడగాలి. నిమ్మ గ్రూపులో దెబ్బ రేట్లు, బంద్ వార్తలతో. కాబట్టి అక్కడ రూల్ ఇలా పెట్టాం: డౌట్ ఎవరైనా ఎప్పుడైనా అడగొచ్చు, రేటు మాత్రం మార్కెట్‌కు వెళ్లే నలుగురు పాతవాళ్లే పెట్టాలి. పాత ఫోన్ల గ్రూపులో దెబ్బ అడ్వాన్స్ డబ్బులతో. అక్కడ కొత్తవాడు కొనొచ్చు, అడగొచ్చు, వాదించొచ్చు. అమ్మకానికి పెట్టాలంటే మాత్రం వారం ఆగాలి, బిల్లు ఫొటో, ఐఎంఈఐ నంబర్ అడ్మిన్‌కు చూపించాలి. ఐఎంఈఐ చూపించమంటే సగం మంది మళ్లీ కనపడరు. ఎందుకో మీకు తెలుసు. దొంగిలించిన ఫోన్ అని కంప్లైంట్ ఉంటే సంచార్ సాథీలో ఆ నంబర్ కొట్టగానే బయటపడతది మరి.

పూర్తిగా మూసేస్తే పోయేదేంటో కూడా చెప్తా. గజ్జి తెగులు పట్టిన నిమ్మ ఆకు ఫొటో తీసుకుని ఒక రైతు కొత్తగా చేరాడనుకోండి. "మీరు మూడు రోజుల తర్వాత అడగండి" అంటే ఆ మూడు రోజుల్లో షాపువాడు ఏది చేతిలో పెడితే అది కొట్టేసి వస్తడు. మళ్లీ గ్రూపు మొఖం చూడడు. 12 వేల బడ్జెట్‌తో రేపు ఫోన్ కొనబోతున్న ఇంటర్ పిల్లోడి సంగతీ అంతే. కొత్తవాడే ఎక్కువ అవసరంలో ఉంటడు. పాతవాళ్లు చాలామంది టైమ్‌పాస్‌కు ఉంటరు, నిజం చెప్పాలంటే.

రూల్స్‌ను తెలుగులో, నాలుగు లైన్లలో రాసి గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి, పిన్ చేయండి. మాది ఇట్లుంటది: "రాంరాం. డౌట్లు ఎప్పుడైనా అడగండి. రేట్లు మేమే పెడతం. లింకులు, ఫైళ్లు పెట్టొద్దు, పెడితే తీసేస్తం. తెలియక పెడితే కోపం లేదు, రెండోసారి పెడితే బయటికే." ఇంగ్లిష్‌లో 20 పాయింట్లు రాస్తే ఎవరూ చదవరు.

పాతవాడి పేరుతో వచ్చే ఏపీకే

ఇప్పటిదాకా చెప్పినదంతా కొత్తవాళ్ల గురించి. కానీ ఈమధ్య గ్రూపుల్లో పెద్ద దెబ్బలు పాత మెంబర్ల పేర్ల మీదే పడుతున్నాయి. పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో, బ్యాంక్ రివార్డ్ పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో ఒక ఏపీకే ఫైల్ వస్తది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ముందు ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ అడుగుతది. ఇచ్చారంటే ఓటీపీలు వాడి చేతికి వెళ్లిపోతాయి. ఆ ఓటీపీతో వాట్సాప్‌ను కూడా వాడి ఫోన్‌లో తెరుచుకుంటడు, అదే ఫైల్‌ను మీరున్న గ్రూపులన్నింటికీ మీ పేరుతో పంపుతడు. గ్రూపులోవాళ్లకు కనపడేది తెలిసిన పేరు, తెలిసిన ఫొటో. ఆమోదం, వారం ఆగడం, ఇవేవీ ఇక్కడ పనికిరావు.

అందుకే గ్రూపులో ఏపీకే ఎవరు పెట్టినా, పెద్దనాన్న పెట్టినా సరే, ముందు డిలీట్, తర్వాతే మాటలు. వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా నొక్కిపట్టి అందరికీ తీసేయొచ్చు, ఈ సదుపాయం 2022లో వచ్చింది. తర్వాత ఆ మనిషిని తాత్కాలికంగా గ్రూపు నుంచి తీసి, మామూలు కాల్ చేసి చెప్పండి. వాట్సాప్‌లో చెప్తే చదివేది దొంగే కావొచ్చు.

ఫోన్ల వైపు నుంచి చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి, వాట్సాప్, టెలిగ్రామ్, ఫైల్ మేనేజర్, బ్రౌజర్ అన్నింటికీ ఆఫ్ చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇవాళే చేసేయండి, ఐదు నిమిషాల పని. ప్లే ప్రొటెక్ట్ కూడా 2024 చివరి నుంచి మన దేశంలో ఇలా బయటినుంచి వచ్చి ఎస్సెమ్మెస్ చదువుతానని అడిగే యాప్‌లను ఆపడం మొదలుపెట్టింది. ఫైల్ పంపేవాడు "ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అన్నాడంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి 6 అంకెల పిన్ పెట్టుకుంటే ఓటీపీ ఒక్కటే దొరికినవాడు మీ అకౌంట్ తెరవలేడు. అడ్మిన్లకు ఇది తప్పనిసరి అనే నేనంటా. అడ్మిన్ అకౌంట్ పోతే గ్రూపు మొత్తం పోయినట్టే. డబ్బు పోయిందంటే వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి అకౌంట్‌లో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

"అన్నా, అడ్మిన్ మీద కేసు అయితదా?"

ఇది అడగని అడ్మిన్ లేడు. మెంబర్ పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్ చేతిలో ఉన్నది చేర్చడం, తీసేయడం మాత్రమే, పోస్టు పడకముందే ఆపే శక్తి ఆయనకు లేదన్నది అందులో ముఖ్యమైన మాట. కానీ నాగపూర్ బెంచ్ ఒక మినహాయింపు పెట్టింది: అందరూ కలిసి అనుకుని చేశారని తేలితే కథ వేరే. కాబట్టి తప్పుడు పోస్టు కింద అడ్మిన్ నవ్వే ఎమోజీ పెట్టి కూర్చుంటే ఈ తీర్పులు కాపాడతాయని ధీమా వద్దు. కనపడగానే తీసేయండి. అంతకుముందు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఎవరు ఎప్పుడు పెట్టారో, మీరు ఎప్పుడు తీశారో చెప్పాల్సి వస్తే అదొక్కటే మీ దగ్గర ఉంటది.

ఇంకొకటి, అడ్మిన్ ఒక్కడే ఉన్న గ్రూపు చాలా ఉన్నాయి మన దగ్గర. నేను హైదరాబాద్ బస్సెక్కి చౌటుప్పల్ దాటేలోపు నిద్రపోతా. ఆ గంటన్నరలో ఏపీకే పడితే? నిమ్మ గ్రూపుకు ఇప్పుడు ముగ్గురున్నాం. పొద్దున మార్కెట్ టైమ్‌కు పెద్దనాన్న, పగలు నేను, రాత్రి డ్యూటీ చేసే మా వాడకట్టు తమ్ముడు ఒకడు. వాడికి నిమ్మతోటలు లేవు, రేట్లు తెలియవు. కానీ రాత్రి 2 గంటలకు మేలుకుని ఉండేది వాడొక్కడే.